ఎనిమిదో దెబ్బ

మిలాన్,
12 ఫిబ్రవరి 1972

జెలిందా అత్తయ్యకు,

నేను ఉత్తరం రాశానంటే ఏదో పని పడిందని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. కాబట్టి చలి గురించీ, నా భోజనం గురించీ రాసి కాలయాపన చెయ్యను.

మా బృందం "మబ్బుల కొలిమి"కి ఒక రికార్డు కంపెనీ దొరికింది. రికార్డుకు ఒక పక్కంతా ఒకే పాట వేసుకోండి, మేం అడ్డు చెప్పం అన్నారు. ఆ పాట నాది. పేరు "ముంపు". యాభై ఒకటిలో పో నది కట్ట తెగినప్పుడు మనందరం చర్చి అటక మీద కూర్చున్నాం చూడు, ఆ కథే. మాటలు తక్కువ, వాయింపు ఎక్కువ. మొదట నీరొస్తుంది, తర్వాత నీరు నిలుస్తుంది, చివరికి తీస్తుంది.

చిక్కల్లా సంతకంతో వచ్చింది. స్వరకర్తల సంఘం పరీక్ష పాసైనవాళ్ళు తప్ప పాట కింద తమ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. మా అయిదుగురిలో పాసైనవాడు ఒక్కడూ లేడు. ఇక్కడ అన్ని బృందాలూ ఈ గండం ఒకలాగే దాటుతున్నాయి. కట్టేవాడొకడు, సంతకం పెట్టేవాడు ఇంకొకడు. కంపెనీవాళ్ళు వాళ్ళ మనిషిని చూపించారు. టూత్‌పేస్టు ప్రకటనలకు బాణీలు కట్టే పెద్దమనిషి. ఒకసారి పేరు పడిందా, ఇక జన్మలో తియ్యడు.

నాన్నతో నా పందెం సంగతి నీకు తెలుసు. తన జున్ను తయారీ కేంద్రం గుమ్మంలో అందరి ముందూ చేతిలో చెయ్యి కొట్టించుకున్నాడు. డెబ్బై నాలుగు ఆగస్టులో పునీత రొక్కో పండక్కి నా పేరు స్వరకర్తగా అచ్చులో చూపించాలి. లేకపోతే వెనక్కొచ్చి ఆయన గంగాళాల ముందు నిలబడి పాలు కలపాలి.

నువ్వు ముప్ఫై తొమ్మిదిలోనే ఆ పరీక్ష పాసయ్యావు. ప్రస్తుతానికి నీ పేరు అరువివ్వు. నేను పాసవగానే నా పేరుకు మార్చేద్దువుగాని. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్క సంతకం.

నీ
లోరిస్


బోర్గోలుంగో,
2 మార్చి 1972

ఒరేయ్ లోరిస్,

ఒక్క సంతకమే అని రాశావు. ఒక్క సంతకంతో మీ తాత ఒక గుడ్డి గుర్రాన్ని కొన్నాడు.

నేను చదవని దాని కింద పేరు పెట్టను. నీ "ముంపు" మొదటినుంచి చివరిదాకా స్వరలిపిలో రాసి పంపు. మేం రాసుకోం అత్తయ్యా, కలిసి వాయిస్తూ కట్టుకుంటాం అంటావు. తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరి పిల్లలకు స్వరాలు నేర్పుతున్నాను, కొట్టుకుంటూ పోయేవాళ్ళని చాలామందిని చూశాను.

ఆ టూత్‌పేస్టు ఆయనకు మాత్రం ఇవ్వకు. సొమ్మొకడిది, సోకొకడిది అవుతుంది.

మీ నాన్న కులాసా. నిన్న దారిలో కనబడి, "నీ శిష్యుడు ఇంకా కరెంటు పెట్టెల మీద కుస్తీ పడుతున్నాడా, అక్కా?" అన్నాడు. అవునన్నాను. "మా గంగాళాలు ఎక్కడికీ పోవని చెప్పు" అన్నాడు. చెప్పాను.

చర్చి ఆర్గన్‌లో మళ్ళీ ఎలుక చచ్చింది. ఫాదర్ ఆర్తేమియో ప్రతి పూజలోనూ సాంబ్రాణి ఎక్కువ వేయిస్తున్నారు.

మీ అత్తయ్య
జెలిందా


మిలాన్,
19 ఏప్రిల్ 1972

అత్తయ్యా,

పంపుతున్నాను. ఇది రాయడానికి నాకు పట్టిన కాలంలో మావాళ్ళు ఇంకో పాట కట్టేసుకున్నారు. అయినా నువ్వన్నదాంట్లో నిజం ఉంది. రాసేటప్పుడు రెండు చోట్ల నేను ఏం వాయిస్తున్నానో నాకే తెలియదని తేలింది.

ఎన్ని దెబ్బల తాళమో పైన అంకెలు వెయ్యలేదు. మేం అంకెలతో లెక్కపెట్టుకోం. మా డ్రమ్ముల ఎర్మెస్ ఒకసారి కొట్టి చూపిస్తాడు, అందరం పట్టుకుంటాం. అతను పదేళ్ళు డాన్సు హాళ్ళలో పోల్కాలకూ వాల్ట్‌జులకూ కొట్టి విసిగిపోయి మాలో చేరాడు. "మనిషి కాలు కదపడానికి వీల్లేనిదేదైనా కట్టరా బాబూ" అంటాడు. ఫ్లూటు గౌదెన్సియో సంగీత కళాశాలలో చదివాడు. మా మొత్తానికి స్వరాలు చూసి వాయించగలిగేది అతనొక్కడే.

దయచేసి ఎర్రసిరా తక్కువ వాడు.

లోరిస్


బోర్గోలుంగో,
15 మే 1972

లోరిస్‌కు,

సంతకం పెట్టాను. ఎర్రసిరా అయిపోతే బడికి పోయి ఇంకో సీసా తెచ్చుకున్నాను.

మొదటి భాగం పరవాలేదు. నీళ్ళు గుమ్మం దాకా వచ్చేటప్పుడు కింద ఎడంచేతి స్వరాలు చిన్నగా పాకుతాయి చూడు, అక్కడ నాకు ఆ రోజు గుర్తొచ్చింది. చదువుతూ చదువుతూ కాళ్ళు కుర్చీ మీద పెట్టుకున్నాను. రెండో భాగంలో మరీ ఎక్కువ మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. పైగొంతూ కిందిగొంతూ అయిదు మెట్ల ఎడంలో జంటగా నడవకూడదని నీకు పదేళ్ళప్పుడు చెప్పాను. ఇప్పటికీ చెయ్యి చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఉన్నాయి. విడగొట్టాను.

ఇక చివరిది, నీరు తీసేది. నువ్వు తొందరలో రాసినట్టున్నావు. ప్రతి ఆవర్తంలోనూ ఒక దెబ్బ తక్కువైంది. ఏడే ఉన్నాయి. చిన్నప్పుడు మెట్లు దిగినా అంతే, చివరి మెట్టు వదిలేసి దూకేవాడివి. అన్నిట్లోనూ ఎనిమిదో దెబ్బ కలిపి, అక్కడ ఏ వాద్యమూ మోగకుండా విరామం పెట్టాను. పాడేవాళ్ళకు ఊపిరి కావాలి. వాయించేవాళ్ళకూ కావాలి. వినేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ ప్రతినే సంఘానికి పంపుకో.

జెలిందా


మిలాన్,
8 అక్టోబరు 1972

అత్తయ్యా,

ముందు ఒక మాట. ఏడు తప్పు కాదు. కావాలని ఏడు పెట్టుకున్నదే. నీరు తీసేటప్పుడు బురదలో కాలు పెడితే నేల ఉండాల్సిన చోట ఉండదు, అందుకని ప్రతిసారీ ఒక అడుగు తక్కువ. కట్టడానికి నాకు ఒక చలికాలం పట్టింది. నువ్వు దాన్ని లెక్క తప్పిన పిల్లవాడి పలక దిద్దినట్టు దిద్దావు.

ఆ దిద్దుళ్ళు నేను చూసుకోనేలేదు. సంతకం ఉందా లేదా అని మాత్రం చూశాను. నీ ప్రతి గౌదెన్సియో చేతిలో పడింది. రికార్డింగ్ రోజున అతను ఎనిమిదికి వాయించాడు, మేం నలుగురం ఏడుకు వాయించాం. నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి సంతలో తప్పిపోయినవాళ్ళలా తయారయ్యాం. ఎర్మెస్ కర్రలు కింద పెట్టి, "ఎవడ్రా ఇక్కడ గొయ్యి తవ్వింది?" అని అరిచాడు. గౌదెన్సియో కాగితం చూపించాడు. ఎర్మెస్‌కు స్వరాలు రావు కాబట్టి ఎర్రసిరా చూసి గౌరవంగా తల ఊపాడు.

"సరే, ఒకసారి గోతిలో పడి చూద్దాం" అన్నాడు.

అయిదుగురం వాయించాం. ఎనిమిదో దెబ్బ దగ్గర అందరం ఒక్కసారి ఆగాం. మళ్ళీ అందుకున్నాం. మళ్ళీ ఆగాం. అద్దం వెనక రికార్డు చేసే ఆయన శాండ్‌విచ్ తింటున్నాడు. నమలడం ఆపేశాడు.

అలాగే రికార్డు చేశారు. నేను ఒప్పుకోలేదు. నలుగురి మాట నెగ్గింది, అంతే. నాకు ఇప్పటికీ అది నా పాటలో ఎవరో తలుపు తెరిచి వదిలేసినట్టే ఉంటుంది.

రికార్డు క్రిస్మస్ ముందు వస్తుంది. లేబులు మీద నీ పేరు పూర్తిగా వేశారు.

లోరిస్


బోర్గోలుంగో,
9 జనవరి 1973

లోరిస్‌కు,

రికార్డు అందింది. అట్ట మీద స్నానాలతొట్టిలో కూర్చున్న చేప బిషప్పు టోపీ ఎందుకు పెట్టుకుందో ఫాదర్ ఆర్తేమియో అడిగారు. ముంపులో అన్నీ కొట్టుకొస్తాయి ఫాదర్ అన్నాను. ఆయన అట్ట దగ్గరికి తీసుకుని చూసి, చేప ముఖం మాత్రం మన పాత బిషప్పుగారిదే అన్నారు.

మీ నాన్న కేంద్రం నుంచి తిన్నగా, రబ్బరు బూట్లతోనే వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని లేబులు రెండువైపులా తిప్పి తిప్పి చూశాడు.

"ఇందులో నీ పేరుందేంటి?"

"పరీక్ష పాసైంది నేను కాబట్టి."

"వీడిదేదీ?"

"అట్ట లోపల ఉంది. ఆర్గన్, పియానో, లోరిస్ స్పజ్జారి."

"వాయించాడని ఉంది. కట్టాడని లేదు. పందెం దేని మీద?"

"కట్టడం మీద."

"అయితే గెలిచింది నువ్వన్నమాట. రా అక్కా, పాలు కలుపుదువుగాని."

ఆ నవ్వు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పాట నా మేనల్లుడిది, కావాలంటే మొదటి భాగం నీ కిటికీలోంచి వచ్చిన నీళ్ళే అన్నాను. "మరి పేరో?" అన్నాడు. రికార్డు లాక్కుని అట్టలో పెట్టేశాను.

కసాయి కొట్టు దగ్గర నన్ను "స్వరకర్తమ్మా" అంటున్నారు. బొలోన్యా నుంచి ఒక కుర్రాడు మోటారు సైకిల్ మీద వచ్చి, జెలిందా స్పజ్జారి గారింటికి దారేది అని నన్నే అడిగాడు. గడ్డం ఉన్న మనిషి కోసం వచ్చాడు పాపం. గుమ్మడికాయ పూర్ణం పెట్టిన తొర్తెల్లి తినిపించి పంపాను. ఆ పాటలో అంత కోపం ఎక్కడిదండీ అన్నాడు. నాది కాదు, మా మేనల్లుడిది, నేను ఎర్రసిరా మాత్రం పోశాను అని చెప్పాను. నమ్మినట్టు లేడు.

పాట విన్నాను. నాలుగుసార్లు విన్నాను. చివరి భాగంలో విరామం దగ్గర మా గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. అది బాగుంది.

ఏడు కావాలని పెట్టావని ముందే ఒక్క ముక్క రాసి ఉంటే నేను చెయ్యి పెట్టేదాన్ని కాదు. పైన అంకెలు వెయ్యడం అందుకే కనిపెట్టారు.

ఇక పరీక్షకు కూర్చో. గొంతులు కూర్చే లెక్కలు పది పంపుతున్నాను, వారానికొకటి చేసి పంపు. ఆడలేక మద్దెల ఓడన్న మాట మీ నాన్న నోట వినాలని నాకు లేదు.

జెలిందా


నేపుల్స్,
27 మే 1973

అత్తయ్యా,

తప్పాను. రోమ్‌లో ఒక గదిలో కూర్చోబెట్టి ఒక పాట ఇచ్చారు, కింద మిగతా గొంతులు కూర్చమన్నారు. కూర్చాను. జంటగా నడిచే గొంతులు మళ్ళీ కనిపించాయట. శరదృతువులో ఇంకోసారి రాయొచ్చు. నీ లెక్కలు పదింటిలో మూడు చేశాను. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వెలాగూ లెక్కపెట్టుకునే ఉంటావు.

కచేరీలు మాత్రం నిండుగా సాగుతున్నాయి. హాలు లోపల ఎంతమందో బయట అంతమంది. సంగీతం అందరిదీ, టికెట్టు ఎందుకు అంటూ తలుపులు విరగ్గొడతారు. పోలీసులు బాష్పవాయువు వదులుతారు. మేం కళ్ళు తుడుచుకుంటూ మొదటి భాగం వాయిస్తాం. టూరిన్‌లో ఎవడో మా ఆర్గన్ మీదికి నారింజపండు విసిరాడు. ఎర్మెస్ ఒలుచుకు తిన్నాడు.

చివరి భాగం వచ్చేసరికి హాలు మారిపోతుంది. ఎనిమిదో దెబ్బ దగ్గర అయిదువేలమంది చప్పుడు చెయ్యరు. బయట కొట్టుకుంటున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. కచేరీ అయ్యాక అందరూ దాని గురించే అడుగుతున్నారు.

ఎర్మెస్ వరస మాత్రం నాకు నచ్చడం లేదు. జెనోవా రేవులో వాళ్ళ బావమరిది ఓడ పనివాడు. అమెరికా రికార్డులు తెస్తుంటాడు, కరెంటు పియానో, కరెంటు తీగ తగిలించిన ట్రంపెట్టు. అందులో ఎవరూ ఏమీ ముందు అనుకోరట, వాయిస్తూ పోతారట. "నీ ముంపులో ఈత కొట్టడానికి చోటేదిరా? అంతా కట్టలే" అంటాడు. వేరే బృందం పెడతాడేమో.

నాన్నకు నేను తప్పినట్టు చెప్పకు.

లోరిస్


బోర్గోలుంగో,
20 ఆగస్టు 1973

లోరిస్‌కు,

పండగ అయింది. ఈసారి సంగతులు కాస్త ఉన్నాయి.

ఊరి బ్యాండు మాస్టరు ప్రోస్పెరో నా దగ్గరికి వచ్చి, మన ఊరి మనిషి పాట రేడియోలో వస్తుంటే మనం ఇంకా పాత కవాతులే వాయించడం ఏం బాగుంటుంది అన్నాడు. "ముంపు" చివరి భాగం ఊరేగింపులో వాయిస్తాడట. పాట నాది కాదన్నాను. లేబులు మీద నీ పేరే కదా, అనుమతి ఇవ్వాల్సింది నువ్వే అన్నాడు. ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

మన ఊళ్ళో బ్యాండు ఆగితే పునీతుడి విగ్రహాన్ని మోసేవాళ్ళు ఆగాలి, అది పాత కట్టడి. ప్రోస్పెరో మొదలుపెట్టాడు. ఎనిమిదో దెబ్బ దగ్గర బ్యాండు ఆగింది. మోసేవాళ్ళు ఆగారు. బ్యాండు అందుకుంది. వీళ్ళు కదిలారు. మళ్ళీ ఆగింది. పునీత రొక్కో ముందుకీ వెనక్కీ ఊగిపోయాడు, ఆయన పక్కనున్న చెక్క కుక్క తోక ఫాదర్ ఆర్తేమియో టోపీ పడగొట్టింది. మీ నాన్న పల్లకీ ముందు కొమ్ము మోస్తున్నాడు. వీధంతా వినేలా అరిచాడు:

"అక్కా! నడవమంటావా, ఆగమంటావా? ఒక మాట మీదుండు!"

ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక ముసుగులు నోట్లో కుక్కుకున్నారు. ఫాదర్ మాత్రం, పునీతుడు ఇంత హుషారుగా ఎప్పుడూ కనబడలేదులే అన్నారు.

ఇంకో సంగతి. ఫాదర్ మేనకోడలు మిలాన్ పత్రిక ఒకటి తెచ్చి చూపించింది. నీ ఫోటో బాగుంది, జుట్టు కత్తిరించుకుంటే ఇంకా బాగుంటుంది. ఆ నిశ్శబ్దం నీకు ఒక సాయంత్రం కాలువ గట్టు మీద నడుస్తుండగా తట్టిందట. నీళ్ళు ఊపిరి తీసుకున్నట్టు అనిపించిందట.

ఊపిరి అన్న మాట నాకు తెలిసిన మాటే. కిందటేడు నీకు ఒక సామెత రాశాను, టూత్‌పేస్టు ఆయన గురించి. మళ్ళీ రాయక్కర్లేదనుకుంటాను.

మిగిలిన ఏడు లెక్కలు పంపు.

జెలిందా


మిలాన్,
24 నవంబరు 1973

అత్తయ్యా,

పాసయ్యాను. ఈసారి ఏ రెండు గొంతులనీ ఒకదాని దగ్గరికి ఇంకొకదాన్ని రానివ్వలేదు. పిల్లల్ని కాపలా కాసినట్టు కాశాను.

పత్రికవాళ్ళు ఏదో ఒకటి రాస్తారు. అప్పటికప్పుడు అడిగితే నోటికొచ్చింది చెప్పాను. అంతకంటే దానికి అర్థం లేదు.

రికార్డు మళ్ళీ అచ్చు వేస్తున్నారు. లేబులు మార్చాలంటే ఇదే సమయం. పేరు మార్పిడి కాగితం, నువ్వు దిద్దిన స్వరలిపి ప్రతీ ఇందులో పెట్టాను. నువ్వు సంతకం పెట్టి, స్వరలిపి ప్రతితో కలిపి పంపితే సరిపోతుంది. పండక్కి ఇంకా వ్యవధి ఉంది కానీ, మార్చి నెలాఖరులోగా మార్చకపోతే పాత లేబులే మళ్ళీ పడుతుంది. ఇంకో రికార్డు వస్తుందని నమ్మకం లేదు. ఎర్మెస్ వసంతంలో వెళ్ళిపోతున్నాడు, కరెంటు జాజ్ బృందం పెట్టుకున్నాడు. గౌదెన్సియోకు సైన్యం నుంచి పిలుపొచ్చింది. నా పేరు పడే అవకాశం ఇదొక్కటే.

లోరిస్


బోర్గోలుంగో,
10 డిసెంబరు 1973

లోరిస్‌కు,

పాసైనందుకు సంతోషం. నిజంగా సంతోషం. చర్చిలో ఎవరూ లేనప్పుడు ఆర్గన్ అన్ని గొట్టాలూ తెరిచి వాయించాను. ఫాదర్ పరిగెత్తుకొచ్చారు.

కాగితం మీద సంతకం పెట్టాను. ఇకనుంచి "ముంపు" నీది.

స్వరలిపి కూడా పంపుతున్నాను. అందులో ఒక పని చేశాను. నీ పేరు పడేటప్పుడు నీది కానిది అందులో ఉండకూడదు. చివరి భాగంలో నేను పెట్టిన విరామాలన్నీ గడ్డం గీసుకునే బ్లేడుతో గీకేశాను. కాగితం రెండు చోట్ల పలచబడింది, చిరగలేదు. ఇప్పుడు ప్రతి ఆవర్తానికీ ఏడే ఉన్నాయి, నువ్వు మొదట కట్టినట్టే. కోపంతో చెయ్యలేదు. కోపం ఆగస్టులో వచ్చింది, అప్పుడే పోయింది.

తలుపెవరో తెరిచి వదిలేసినట్టుందని అన్నావు. మూశాను.

జెలిందా


బొలోన్యా,
3 మార్చి 1974

అత్తయ్యా,

దాదాపు మూడు నెలలుగా జవాబు రాయలేదు. రాయడానికి ముందు వాయించి చూడాలనుకున్నాను. నిన్న ఇక్కడ క్రీడామందిరంలో కచేరీ. ఎర్మెస్ మాతో వాయించే చివరిది. మావాళ్ళకు చెప్పాను: ఈసారి ఏడుకు వాయిద్దాం, నేను మొదట కట్టినట్టు. ఎర్మెస్ భుజాలెగరేసి, "పెళ్ళి నీది, కానివ్వు" అన్నాడు.

చివరి భాగం మొదలైంది. జనానికి రికార్డు కంఠతా వచ్చు. ఎనిమిదో దెబ్బ రావాల్సిన చోట వాళ్ళు ఆగారు. మేం ఆగలేదు. వాళ్ళు తడబడ్డారు, మళ్ళీ పట్టుకోబోయారు, మళ్ళీ తప్పారు. నేను ఏడు వాయిస్తున్నాను, అది తప్పు లేకుండా ఉంది, నేను అనుకున్నట్టే ఉంది. కానీ దాన్ని ఎవరూ వినడం లేదు, అందరూ దాంట్లో లేని దాని కోసం వెతుకుతున్నారు. వెతుకుతున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వెనక వరసలోంచి ఎవడో గొంతు చించుకుని అరిచాడు:

"ఊపిరి తీసుకోనివ్వండ్రా నాయనా!"

హాలంతా నవ్వింది. ఎర్మెస్ నా వైపు చూడకుండానే, తర్వాతి ఆవర్తం చివర కర్రలు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అందరం ఆగాం. హాలు ఆగింది. అక్కణ్ణుంచి చివరిదాకా ఎనిమిదికే వాయించాం. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, ఈసారి బాష్పవాయువు లేదు.

తర్వాత ఎర్మెస్ సామాను సర్దుకుంటూ, "నేను ఎలాగూ పోయేవాణ్ణే. ఆ గొయ్యి మాత్రం పూడ్చకు. ఈత కొట్టడానికి నీ ముంపులో ఉన్న చోటు అదొక్కటే" అన్నాడు.

కాలువ గట్టు మాట రాసుకున్న ఆ పత్రిక కుర్రాడు అక్కడే ఉన్నాడు. ఆ నిశ్శబ్దం నాది కాదు, మా మేనత్తదని చెప్పాను. జోకనుకుని నవ్వాడు. రెండోసారి చెప్పినా రాసుకోలేదు.

ఇవాళ పొద్దున కంపెనీ ఆయన ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. కట్టినవాళ్ళు ఇద్దరని వెయ్యమన్నాను. నీ సంతకం కావాలి, కొత్త కాగితం పెడుతున్నాను. స్వరలిపి కూడా తిరిగి పంపుతున్నాను. నువ్వు గీకిన చోట్ల విరామాలు నా చేత్తో నేనే మళ్ళీ పెట్టాను, కాగితం పలచగా ఉండి సిరా వెనక్కి ఊరింది. సరిగా పెట్టానో లేదో చూడు. తప్పుంటే ఎర్రసిరాతో దిద్దు.

రెండు పేర్లుంటే పందెం చెల్లదని నాన్న అంటే అననీ. అప్పుడు పండగ మర్నాడు వచ్చి గంగాళాల ముందు నిలబడతాను.

నీ
లోరిస్


బోర్గోలుంగో,
17 ఆగస్టు 1974

లోరిస్‌కు,

విరామాలు సరిగానే పెట్టావు. ఒక్కటి కాస్త వంకరగా ఉంది, వదిలేశాను.

పండగ నిన్న జరిగింది. ప్రోస్పెరో పాత కవాతులే వాయించాడు, పునీతుడు క్షేమంగా చర్చి చేరాడు. నువ్వు రాలేదని మీ నాన్న రెండుసార్లు అడిగాడు. కొత్త బృందంతో సముద్రతీరం ఊళ్ళు తిరుగుతున్నాడని చెప్పాను.

ఊరేగింపు అయ్యాక మా ఇంటికి వచ్చాడు. కొత్త రికార్డు బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, వేలు కింద పెట్టి చదివాడు. లోరిస్ స్పజ్జారి, జెలిందా స్పజ్జారి. మళ్ళీ చదివాడు. పందెం చెల్లదంటాడేమోనని నేను సిద్ధంగా కూర్చున్నాను, నాలుగు మాటలు దాచి పెట్టుకున్నాను.

"వీడి పేరు ముందుంది" అన్నాడు.

"ఉంది."

"అయితే గంగాళాలకు ఇంకో మనిషిని చూసుకుంటా." లాంబ్రుస్కో వైను ఒక గుక్క తాగాడు. "మరి నీ పేరు ఎందుకు? వాయించింది వాడు, కట్టింది వాడని నువ్వే అన్నావు. నువ్వేం చేశావు?"

"మధ్యమధ్యలో ఊరుకున్నాను" అన్నాను.

మీ నాన్న గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వా? పుట్టి బుద్ధెరిగి నేను చూళ్ళేదే. ఎప్పుడు?"

రికార్డు పెట్టి, ముల్లు చివరి భాగం మీదికి దించాను. ఎనిమిదో దెబ్బ వచ్చిన ప్రతిసారీ వేలెత్తి చూపించాను. మొదటిసారి, "ఇదా?" అన్నాడు. రెండోసారి నోరు తెరిచి మూశాడు. ఆ తర్వాత నేను వేలెత్తకముందే తన వేలు ఎత్తాడు. పాట అయిపోయాక కూడా చాలాసేపు ఆ వేలు దించలేదు, మాటా మాట్లాడలేదు. మీ నాన్న, లేయార్కో స్పజ్జారి అంతటివాడు, మా ఇంట్లో అంతసేపు ఊరుకోవడం ఇదే మొదలు.

వచ్చేటప్పుడు జుట్టు కత్తిరించుకురా.

మీ అత్తయ్య
జెలిందా